చింతపండు నీళ్లలో ఈజిప్టు కాటుక భరిణె

పోయిన ఆదివారం, ఘాజియాబాద్‌లో మా పై అంతస్తులో కొత్తగా దిగిన హైదరాబాదు దంపతులు కాఫీకి వచ్చినప్పుడు, మా ఆవిడ అద్దాల బీరువాలోంచి ఈజిప్టు కాటుక భరిణె తీసి చూపించి, దాన్ని తాను పాడుచేసిన కథ నవ్వుతూ మొదలుపెట్టింది. నేను కుదురుగా కూర్చోలేక కిటికీ వేయడానికి ఒకసారి, తీయడానికి ఒకసారి లేచాను. ఆ కథ విన్నప్పుడల్లా నాకు ఇదే అవస్థ.

అప్పట్లో మేము ఢిల్లీ ఆర్.కె. పురంలో ప్రభుత్వ క్వార్టర్లో ఉండేవాళ్లం. కైరోలో చాలాకాలం ఉద్యోగం చేసి వచ్చిన మా పై అధికారి, రిటైరై వెళ్లిపోతూ, అక్కడి పాత బజారులో కొన్నానని చెప్పి, గుప్పిట్లో ఇమిడే ఆ రాతి భరిణెను నా చేతిలో పెట్టారు. అంతటితో నాకు పిచ్చి పట్టింది. తోటివాళ్లు స్టాంపులు పోగుచేసుకుంటుంటే, నేను సెలవు దొరికితే చాలు, పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి ఈజిప్టువని అమ్మే రాతి గిన్నెలు, పూసలు, అక్కడివాళ్లు తాయెత్తులుగా కట్టుకునే పేడపురుగు బొమ్మలు ఏరుకొచ్చేవాణ్ణి. వాటిలో చాలావరకు నకిలీవేనని నాకూ తెలుసు. భరిణె మాత్రం అసలుదేనని మనసు చెప్పేది. లోపల టార్చి వేస్తే తేనెరంగు వెలుగు బయటికి వచ్చేది, అడుగున గట్టిపడిన నల్లటి మరక ఉండేది. తెలిసినవాళ్లెవరైనా అవునని ఒక్క మాట అనేదాకా నాకు నిలకడ లేదు.

మ్యూజియంలో పనిచేసి రిటైరైన ఒక బెంగాలీ పెద్దాయన చూడటానికి ఒప్పుకున్నారు. ఆయన వచ్చే రోజు పండగ సెలవు, మా వంటింట్లో ఇత్తడి పూజసామాన్లు చింతపండు నీళ్లలో నానుతున్నాయి. మా అమ్మ చేతిలో చెంబులు తళతళలాడటం చూస్తూ పెరిగినవాణ్ణి కదా, మా ఆవిడ స్నానానికి వెళ్లిన సమయం చూసి భరిణెను కూడా అందులో వేశాను. రాయి మీద సన్నని బుడగలు లేస్తే మురికి వదులుతోందని మురిసిపోయి, అడుగున మరకను పీచుతో తోమాను కూడా. కడిగి చూస్తే నునుపంతా పోయి సుద్దముక్కలా ఉంది. భయం వేసి, దాన్ని మళ్లీ ఆ సామాన్ల మధ్యే పడేసి బయటికి వచ్చేశాను.

వెతికితే దొరికినట్టు సామాన్లలోంచి నేను తెచ్చిచ్చిన భరిణెలోకి పెద్దాయన భూతద్దంతో చూసి, "అరే భయ్యా, ఇసే ధోయా కిసనే?" అన్నారు. ఆ మరక ఏ కాలం నాటి కాటుకో, భరిణె వయసు చెప్పగలిగేది అదొక్కటేనట. ఎవరు కడిగారన్న ప్రశ్నకు, పూజసామాన్లతో పాటు మా ఆవిడ, అని జవాబిచ్చాను. ఆవిడ కాఫీ పళ్లెంతో గుమ్మంలోనే ఉంది. చూసుకోకుండా తానే వేసి ఉంటానని నమ్మి నాలుగు రోజులు ఏడ్చింది. ఆపైన ఏళ్ల తరబడి నా బీరువా మీద దుమ్మయినా దులపలేదు. ఆ నాలుగు రోజుల్లో ఒక్క మాట చెప్పలేకపోయాను, అంత పిరికివాణ్ణి.

ఇప్పుడు పూజసామాన్లను సీసాలో దొరికే ద్రవంతో పనిమనిషి తోముతోంది, క్వార్టర్లు పోయాయి, ఆ పెద్దాయనా పోయారు. ఆవిడ ఏడుపు కూడా నవ్వుగా మారింది. మారనిది నా అబద్ధం ఒక్కటే. ఆదివారం ఎలాగైనా చెప్పేద్దామని గొంతు సవరించుకున్నాను.

ఈలోగా ఆవిడే నావైపు తిరిగి, "ఎంతసేపు నాననిచ్చానండీ నేను?" అని అడిగింది.

గంట ఉంటుందేమో అని, కిటికీ వేయడానికి మళ్లీ లేచాను.