మోకాలికి కట్టిన రుమాలు

ఏడ్చే శక్తి కూడా లేని రోజుల్లో నా ఊపిరి నిలిపిన దేవునికి మహిమ కలుగును గాక.

దయ్యాలను, శకునాలను నేనెన్నడూ నమ్మలేదు. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో వాక్యం నేర్చుకున్నదాన్ని. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

ఇరవై ఏళ్ల కిందట మా అమ్మాయి రూతు పదో తరగతిలో ఉండగా మోకాలి కింద గడ్డ లేచింది. హైదరాబాదు ఆసుపత్రిలో ఎముక ముక్క తీసి పరీక్షించారు. ఏ జబ్బో తేలలేదు. ఆ కణాల్లో రెండు క్రోమోజోముల కొసలు తెగి, ఒకదానిది ఇంకోదానికి అతుక్కుని ఉంటే ఎముక క్యాన్సరేననీ, లేకపోతే ఆశ ఉందనీ, ఆ పరీక్షకు పంపామనీ డాక్టరు గారు చెప్పారు. నా రక్తంలోంచి వచ్చిందా అని అడిగాను. పుట్టుకతో వచ్చింది కాదు, గడ్డలోనే జరిగే మార్పు అన్నారు. ఊరట కలగాలి. నాకేమీ కలగలేదు.

మా సంఘంలో, గుడికి రాలేని రోగుల కోసం చేతిరుమాలుకు నూనె రాసి, అందరూ చేతులుంచి ప్రార్థించి పంపుతారు. ఆదివారం ఆరాధన కాగానే మా ఆడపడుచు ఆ రుమాలు పట్టుకుని పాలకొల్లులో రైలెక్కింది. మర్నాడు ఆసుపత్రికి వచ్చి రూతు మోకాలికి కట్టింది.

కాసేపటికి రూతు, "ఏంటత్తా, పొయ్యి మీద కాచి తెచ్చావా?" అంది. చెయ్యి పెట్టి చూశాను. బట్ట వేడిగా ఉంది.

కాలు వాచి కాగుతోందేమోనని నర్సు రుమాలు విప్పింది. కాలు చల్లగా ఉంది. జ్వరం లేదు. రుమాలును స్టీలు గిన్నెలో పెడితే గిన్నె వెచ్చబడింది.

"ఏం రాశారండీ దీనికి?" అని అడిగింది.

కొబ్బరి నూనె, అంతే.

స్వస్థత వచ్చేసిందని మా ఆడపడుచు ఎస్టీడీ బూత్ నుంచి పాస్టరు గారికి ఫోన్ చేసింది. ఫలితం రాకముందే అక్కడ కృతజ్ఞత కూడిక పెట్టి భోజనాలు కూడా వడ్డించారు.

తర్వాత ఫలితం వచ్చింది. కొసలు మారి అతుక్కునే ఉన్నాయి. డాక్టరు గారు చెబుతుండగానే రూతు నా చెయ్యి లాగి, మోకాలికి మళ్లీ కట్టిన రుమాలు మీద పెట్టుకుంది. "ఇంకా వెచ్చగానే ఉందమ్మా," అంది. నిజమే, ఉంది.

మందులు ఎక్కించారు. కాలు తీశారు. మరుసటి ఏడు రూతు ప్రభువునందు నిద్రించింది. రుమాలు ఎప్పుడు చల్లబడిందో నేను గమనించలేదు.

అది దేవుని చెయ్యే అయితే ఆ ఫలితం ఎందుకు? కాకపోతే ఆ వేడి ఎక్కడిది? ఈనాటికీ నాకు తెలియదు.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. తండ్రీ, ఆ వేడి నీదే అయితే, నా బిడ్డను నీ దగ్గర అలాగే వెచ్చగా ఉంచు. ఆమేన్.