మోకు చివర పడవ

వీరవేణికి ముప్పై నాలుగేళ్ళు. కొవ్వూరులో ఆమె దగ్గర చేపలు బేరమాడాలంటే గుండె ధైర్యం ఉండాలి, అంత నోరు. అలాంటి మనిషికి ఈ ఏడాది బుట్టెత్తుకుని గట్టెక్కితే ఆయాసం. ఆస్పత్రిలో బీపీ చూసిన డాక్టరు మిషన్ పాడైందేమోనని మళ్ళీ చూశాడు. మిషన్ బాగానే ఉంది.

"నీ గుండె అరవై ఏళ్ళ మనిషి గుండెలా ఉందమ్మా" అన్నాడు.

"అయితే పింఛను ఇప్పించండి బాబూ" అని నవ్వేసింది గానీ, ఆ మాట చేపముల్లులా గొంతులో ఉండిపోయింది.

వారం తిరక్కుండా ఆ ఆస్పత్రి నుంచే ఆశాజ్యోతి వచ్చింది. చిన్నప్పటి కష్టాలు పెద్దయ్యాక ఒంటికి ఏం చేస్తాయో పరిశోధన చేస్తున్న అమ్మాయి. భయపడినప్పుడు ఒంట్లో ఊరే హార్మోను వెంట్రుకల్లోనూ చేరుతుందని చెప్పి, వీరవేణి మెడ వెనక నాలుగు వెంట్రుకలు కత్తిరించుకుంది.

"చిన్నప్పుడు ఇంట్లో కొట్లాటలు చూశారా అండి?"

"మా నాన్న తాగితే మా అమ్మని చావబాదేవోడు. కానీ నేను చూళ్ళేదమ్మా! అమ్మ నన్ను పడవలో పడుకోబెట్టేసేది." వీరవేణి గొంతులో గర్వం తొణికింది.

ఆమె ఉండే గోదారి రేవు ఆడవాళ్ళ కిటుకది. మొగుడు తాగొస్తున్నాడని తెలియగానే పిల్లల్ని పడవలో పడుకోబెట్టి, పట్టా కప్పి, గట్టు మీద గుంజకి కట్టిన మోకు వదులు చేసి నీళ్ళలోకి తోసేస్తారు. తూలే కాళ్ళతో గోదాట్లోకి ఎవడు దిగుతాడు? గొడవ సద్దుమణిగాక మోకు లాగుతారు. ఎనిమిదేళ్ళ కూతురు దేవిశ్రీని వీరవేణీ అలాగే కాపాడుకొస్తోంది.

"పడవలో నిద్ర పట్టేదా అండి?" అంది ఆశాజ్యోతి.

వీరవేణికి ఆ రాత్రులు గుర్తొచ్చాయి. ఏం నిద్ర! పట్టా కింద పళ్ళు బిగించుకుని అమ్మ అరుపులు వింటూ ఉండేది. అరుపులు ఆగితే మరీ భయం. అమ్మ ఉందా? మోకు లాగడానికి ఎవరైనా మిగిలారా?

"రోజూ అంత భయపడితే గుండె, రక్తనాళాలు తొందరగా అరిగిపోతాయండి" అంది ఆశాజ్యోతి మెల్లగా.

"నా పిల్లకీ ఇంతేనా అమ్మా?"

"చిన్నపిల్ల కదండీ, కోలుకుంటుంది. కానీ ఆ భయం ఆగాలి."

మొన్ననే దేవిశ్రీ అడిగింది, "అమ్మా, మోకు నాన్న లాగేస్తే?" అని. "తాగినోడికి మోకేం కనపడుద్దే పిచ్చిమొహమా!" అని తను నవ్వింది. ఇప్పుడా నవ్వు తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది. ఛీ, ఏం తల్లిని!

చాలు, ఇంక చాలు. జంగారెడ్డిగూడెంలో అక్క ఉంది. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోవాలి, మళ్ళీ తిరిగి రాకూడదు. పిల్ల బడి నుంచి వచ్చేసరికి బట్టలు సర్దేసింది. వరద రోజులు, గోదారి ఎర్రగా గట్టు ఒరుసుకుని పోతోంది.

"పెద్దమ్మ ఊరెళ్దాం. చెప్పులేసుకో" అంది.

దేవిశ్రీ కదల్లేదు. చెవులు రిక్కించింది. "నాన్న బండి" అంది.

వీరవేణికి ఏమీ వినపడలేదు. "నీ మొహం, ఇంత పెందలాడే ఎందుకొస్తాడే!" అంటూ సంచీ తేవడానికి లోపలికెళ్ళింది. జిప్పు పట్టలేదు. దాంతో కుస్తీ పడుతుంటే నిజంగానే సందు చివర మొగుడు సురేష్‌బాబు బండి చప్పుడైంది. గుమ్మంలోకి పరిగెత్తింది. చెప్పులు అక్కడే ఉన్నాయి. పిల్ల లేదు.

ఎవరూ చెప్పక్కర్లేకుండానే ఎక్కడికెళ్ళిందో తెలిసిపోయింది.

రేవులో గుంజకి మోకు ఉంది. నీళ్ళ మీద, కాస్త దూరంలో, పట్టా కప్పిన పడవ.

"దేవీ! ఇవాళ వద్దే! వెళ్ళిపోదాం రావే!" అని గొంతు చించుకుని అరిచింది. రెండు చేతులా మోకు పట్టి లాగింది.

మోకు బరువు లేకుండా వచ్చేసింది. నాన్న లాగేస్తాడేమోనని పిల్ల పడవ చివర ముడి విప్పేసుకుంది.

పడవ వరద నడిమికి తిరిగింది. పట్టా కింద దేవిశ్రీ కదలకుండా పడుకుంది, అమ్మ నేర్పినట్టే.