కన్నబాబు మావయ్య కల్లు పని

మలేసియాలోని తెలుక్ ఇంటాన్‌లో లారీలు తోలి తోలి రిటైరైన కన్నబాబుకి ఉన్నది ఒక్కటే అలవాటు. కల్లు దుకాణం కనపడితే కారు ఆగాల్సిందే. పెళ్ళికి వెళ్తున్నా ఆగాల్సిందే, చావుకి వెళ్తున్నా ఆగాల్సిందే. వెనక సీట్లో నెలలు నిండిన మనిషి నొప్పులు పడుతున్నా సరే, "రెండు నిమిషాలే లా! కల్లు పనుంది!" అని, అక్కడివాళ్ళ ఊతపదం 'లా' తగిలించి మరీ దిగిపోతాడు. ఆ రెండు నిమిషాలు ముప్పావు గంటకి తక్కువ ఏనాడూ కాలేదు.

ఆయన మేనకోడలు పునితకి చిన్నప్పట్నుంచీ దీంతో తల కొట్టేసినట్టుండేది. స్కూలు యూనిఫాంలో, కల్లు దుకాణం ముందు, కారులో! ఎవరైనా చూస్తారేమోనని సీటు కిందకి జారిపోయేది. వాళ్ళమ్మకి చెప్పుకుని ఏడిస్తే, "మీ మావయ్యకి కల్లు పని ఎప్పుడూ ఉన్నదేనే," అని ఆవిడ నవ్వేసేది. అమ్మ కూడా అలా అనేశాక ఇంకెవరికి చెప్పుకుంటుంది?

ఇప్పుడు పునిత సుంగై పెటానిలో టీచరు. అక్కడే విక్నేష్‌ని ఇష్టపడింది. అతని తల్లిదండ్రులు వెంకటరావు, బంగారమ్మ పిల్ల తరఫువాళ్ళని చూడ్డానికి తెలుక్ ఇంటాన్ వచ్చారు. ముత్తాతల కాలం నుంచీ ఎస్టేట్ గుమాస్తాల వంశం. వాళ్ళింట్లో దగ్గు మందు కూడా వాసన చూసి గాని తాగరు. పునితకి తండ్రి లేడు, తల్లి కూడా పోయి రెండేళ్ళయింది. పెద్దదిక్కంటే కన్నబాబే.

"ఇంట్లో కూకుంటే ఏటొత్తాది? ఏటొడ్డమ్మట హుటాన్ మెలింటాంగ్ దాకా ఎల్లొద్దాం రండి. రొయ్యలు తిందాం," అన్నాడాయన.

ఆ దారి పొడుగునా కొబ్బరి తోటలే. తోటకొక కల్లు దుకాణం. పునిత మావయ్యని వంటింట్లోకి లాక్కుపోయింది.

"మావయ్యా, ఈ ఒక్క రోజూ కల్లొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"అదేటే! దేవరాజన్‌కి మాటిచ్చినాను. మంగళారం లోపల నాను ఎల్లకపోతే ఆడు పారిపోతాడు."

కల్లుకి వెళ్ళకపోతే దేవరాజన్ పారిపోవడమేమిటో పునితకి అర్థం కాలేదు.

బయల్దేరారు. ఎడమ పక్కన ఏరు, కుడి పక్కన కొబ్బరి చెట్లు, చెట్ల తలల్లో కల్లు కుండలు. వెంకటరావు ఫొటోలు తీసుకుంటూ, "ఆహా, ఎంత చల్లగా ఉందండీ!" అంటున్నాడు. పునిత కాస్త ఊపిరి పీల్చుకుందో లేదో, కీచుమని బ్రేకు.

"రెండు నిమిషాలే లా! కల్లు పనుంది!"

కారులో ముగ్గురూ బొమ్మల్లా కూర్చున్నారు. దుకాణంలో కన్నబాబు ఒక గ్లాసు పోయించి, ఒక ముసలాయన పక్కన చతికిలబడి, ఆయన మొహంలో మొహం పెట్టి తెగ చూస్తున్నాడు.

"ముద్దు పెట్టుకుంటారా ఏమిటండీ?" అన్నాడు వెంకటరావు బెంగగా. పునిత కిటికీ వైపు తిరిగిపోయింది.

ముప్పావు గంటకి కన్నబాబు వచ్చాడు, చొక్కా నిండా కల్లు వాసనతో. "ఒకటి బాగా ముదిరిపోయినాది. రెండోది ఇంకా పర్లేదు."

"రెండేనా?" అన్నాడు వెంకటరావు బిగుసుకుపోయి.

"మనిషికి రెండే గదండీ అన్నగారూ!"

రెండో దుకాణం దగ్గరా ఇదే తంతు. దేవరాజన్ మాత్రం దొరకలేదట. "నన్ను సూసి దాక్కున్నాడు, దొంగ సచ్చినోడు," అన్నాడు కన్నబాబు. పునితకి ఏడుపొక్కటే తక్కువ.

రొయ్యల హోటల్లో బంగారమ్మ టీ గ్లాసు కోసం బల్లంతా తడిమింది. గ్లాసు అనుకుని మిరపకాయల పచ్చడి గిన్నె ఎత్తబోయింది. కన్నబాబు రొయ్య వలవడం ఆపేశాడు.

"వదినగారూ, ఏటనుకోకండి. మీ కల్లు నాను ఒక్కసారి సూడాల."

"నా కల్లా!"

"ఎన్నాళ్ళ బట్టి ఇలగ? పొద్దు పోయాక ఎక్కువా? దాయకండి. మా ఎస్టేట్ ముసలోల్లూ ఇలగే దాత్తారు."

వెంకటరావు కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "పద బంగారం. తాగొచ్చి ఆడవాళ్ళని పట్టుకుని ఇంతింత మాటలా? ఈ సంబంధం మనకొద్దు."

భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది పునితకి. పాతికేళ్ళ సిగ్గంతా నోట్లోకి తన్నుకొచ్చింది. "నీకసలు సిగ్గుందా మావయ్యా? నీ కల్లుతో నా పెళ్ళి పోయింది!"

కన్నబాబు నోరు తెరుచుకుని అందర్నీ చూశాడు. తర్వాత రెండు వేళ్ళు తన మొహానికి పెట్టి పొడిచి చూపించాడు. "కల్లే! సూసే కల్లు! ఇయ్యే లా!"

"కళ్ళా?" అన్నాడు వెంకటరావు.

"నానంటన్నదీ అదే గదండీ. కల్లు."

ఆయన నాలుకకి 'ళ' తిరగదు, పునిత అమ్మకీ తిరిగేది కాదు. పునిత చదివింది తమిళ బడి. తమిళంలో కంటిని 'కణ్' అంటారు గనక, ఆమెకి కల్లంటే తాగే కల్లే.

"ఆ ముసలోల్లు జన్మంతా కల్లు గీయడానికి సెట్టెక్కి ఎండలోకి సూసినోల్లండీ," అన్నాడాయన, తప్పు చేసినవాడిలా. "ముసలితనంలో పొరలొచ్చేసినాయి. ఆపరేషనంటే పారిపోతారు, ఆ దేవరాజన్‌కి మంగళారమే ఆపరేషను. కల్లు దుకాణంలో తప్ప దొరకరు. ఒక గ్లాసు పోయించి, పక్కన కూకుని, బుజ్జగించి ఆస్పత్రికి తోలుకెల్తాను. నాను తాగితే బండెవరు తోల్తారు?"

బంగారమ్మ చిన్నగా అంది. "ఏడాదై మసకగా ఉందండీ. కోస్తారని భయపడి ఇంట్లో చెప్పలేదు. పొద్దున్న పునిత దండం పెడితే దీవించాను గాని, పిల్ల మొహం నాకు కనపడితేనా!"

వెంకటరావు మెల్లిగా కూర్చున్నాడు. పునిత తలెత్తలేకపోయింది. ఇన్నేళ్ళూ ఈ మనిషి పక్కన కనపడ్డానికా తను సిగ్గుపడింది? ఒక్కసారైనా కారు దిగి చూస్తే ఏం పోయేది?

"ఏటే, ఏడుత్తన్నావా?"

"పచ్చడి మంట," అంది పునిత.

తిరుగు దారిలో కన్నబాబు బుద్ధిగా బండి తోలాడు. కల్లు దుకాణం వచ్చింది. బ్రేకు మీదకి వెళ్ళిన కాలు, అద్దంలో వియ్యాలవారిని చూసి వెనక్కొచ్చేసింది. దుకాణం అరుగు మీద ఒక ముసలాయన కారు చప్పుడు విని తువ్వాలు నెత్తిన కప్పుకున్నాడు.

"మావయ్యా, ఆపు. అతనేనా దేవరాజన్?"

బండి ఆగీ ఆగకముందే పునిత తలుపు తీసుకుని దిగింది. వెనక సీటు వైపు వంగింది.

"రెండు నిమిషాలే లా అత్తయ్యా! కల్లు పనుంది."

"వెళ్ళిరా అమ్మా," అంది బంగారమ్మ. "అతనిదయ్యాక నా కల్లు కూడా చూడమను."