కరుణమ్మ టీచరు తెచ్చిన కాగితం

గడిచిన మంగళవారం పొద్దున నంద్యాలలో నేను గుమాస్తాగా పనిచేసే బండల దుకాణం తలుపు తీస్తుండగా ఆళ్లగడ్డ నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. "టీచరమ్మ పోయిందిరా. నిన్ననే పోయినట్టుంది, ఎవురూ చూసుకోలేదు. మోసేదానికి మనుషులు చాలడం లేదు. నువ్వు వస్తావా, రావా?" అని అడిగింది. కరుణమ్మ టీచరు గారు ఇక లేరు. నాలుగేళ్లుగా ఆమెకూ నాకూ మాటల్లేవు. మాటల్లేని మనిషి పోతే కూడా ఇంత దిగులు కమ్ముకుంటుందని ఆ పొద్దు తెలిసింది. దుకాణం తలుపు మళ్లీ వేసి బస్టాండుకు నడిచాను.

పాములపాడులో పుట్టి ఆళ్లగడ్డకు కోడలుగా వచ్చిన ఆమె ముప్పై ఏళ్లు ఇక్కడి పిల్లలకు తెలుగు బోధించారు. గంభీరమైన కంఠం, గంజి పెట్టిన నూలు చీర, నిరాడంబరమైన జీవితం. అసత్యం అంటే ఆమెకు సహజంగానే ఏవగింపు. ఎనిమిదో తరగతిలో ఒకనాడు పాఠం చదవకుండా వెళ్లి కడుపునొప్పి అని బుకాయించాను. ఆమె కోప్పడలేదు. మధ్యాహ్నం తన పక్కన కూర్చోబెట్టుకుని, తన డబ్బాలోని జొన్నరొట్టె, వేరుశనగ పొడి నా ముందు పెట్టి, "నొప్పి లేకుంటే తిను, ఉంటే వద్దు" అన్నారు. పౌరుషానికి పోయి నేను తినలేదు. ఆమె కూడా తినలేదు. సాయంత్రం బడి విడిచే వేళకు ఇద్దరం ఆకలితో నకనకలాడుతుంటే, అబద్ధమాడానని నేనే ఒప్పుకున్నాను. అప్పుడు ఆ రొట్టెను చెరిసగం చేశారు.

ఆమె భర్త ప్రకాశం గారు బేతంచెర్ల నుంచి నాపరాళ్లు తోలే లారీ డ్రైవరు. మా నాయన అదే లారీకి హమాలీ. సెలవు రోజుల్లో టీచరు గారు కూడా క్యాబిన్‌లో ఎక్కి, ఒళ్లో పరీక్ష పేపర్లు పెట్టుకుని దిద్దుకుంటూ బేతంచెర్ల దాకా వెళ్లి వచ్చేవారు. ఆమె పక్కనుంటే హారన్ కొట్టాలన్నా పర్మిషన్ అడగాలని ప్రకాశం గారు నవ్వేవారు. సంతానం లేని ఆ దంపతులకు ఆ లారీ ప్రయాణాలే తీర్థయాత్రలు. అన్యోన్యత అంటే ఏమిటో నేను పుస్తకాల్లో చదవలేదు, ఆ క్యాబిన్ అద్దం గుండా చూశాను.

కరోనా మొదటి విడతలో బండల ఫ్యాక్టరీలు మూతపడి, కూలీలు నడిచి ఇళ్లు చేరుకున్న రోజుల్లో, అప్పటికే రిటైరైన ఆమె తన ఇంటి అరుగు మీద కూర్చుని ఊరందరి కాగితాలు రాశారు. ప్రభుత్వం ఇచ్చే బియ్యానికీ, చిన్నపాటి సాయానికీ పేరు నమోదు చేయించుకోవడానికి కొందరు బిడియపడేవారు. మా నాయన కూడా వాళ్లలో ఒకడు. "సర్కారు ఇచ్చేది భిక్షం గాదు. కష్టకాలంలో అడుక్కునేటట్టు చేయకుండా ఉండేదానికే అది ఇచ్చేది. వేలిముద్ర వేయప్పా" అని ఆయనను గదమాయించారు. ఆ నెల మా పొయ్యి వెలిగింది ఆ వేలిముద్ర వల్లనే.

రెండో విడతలో ప్రకాశం గారు పోయారు. గుండె ఆగిపోయిందని టీచరు గారు చెప్పారు. ఎవరూ సందేహించలేదు. జన్మలో అబద్ధం ఎరగని మనిషి మాటను ఎవరు శంకిస్తారు? కరోనా అని తెలిస్తే శవాన్ని ఇంటికి తేనివ్వని కాలం అది. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ముఖం ఎరుగని మనుషులు ఏ శివారులోనో పూడ్చి వచ్చేవారు. మా చర్చి సంఘంలో మరణించినవారి శవపెట్టెను అయినవాళ్లే భుజాల మీద మోస్తారు, సమాధి దగ్గర ఒక్కొక్కరూ పిడికెడు మన్ను వేస్తారు. ప్రకాశం గారికి ఆ మర్యాద అంతా జరిగింది. పెట్టెకు ముందు కుడివైపు భుజం పట్టినవాడు మా నాయన.

పదిరోజులకు మా నాయనకు జ్వరం వచ్చింది. పరీక్ష చేయించుకుంటే వీధి అంతా మొహం తిప్పుకుంటుందని భయపడి చేయించుకోలేదు. ఊపిరి ఆడనప్పుడు నేను నంద్యాలకు తీసుకొచ్చి ఛాతీ స్కానింగు తీయించాను. మరుసటి దినమే ఆయన వెళ్లిపోయాడు.

కొన్ని నెలలకు, కరోనాతో మరణించినవారి కుటుంబాలకు ప్రభుత్వం పరిహారం ఇస్తుందన్నారు. మా అమ్మ దరఖాస్తు పెట్టింది. పరీక్ష కాగితం లేదు గనుక, స్కానింగు చీటీ ఒక్కటే చాలదని తిప్పి పంపారు. ఇంటి మీద అప్పు, చెల్లెలి నర్సింగు చదువు ఆ దరఖాస్తు మీదనే ఆధారపడి ఉన్నాయి. సంగతి ఎలా తెలిసిందో, ఆ ఆదివారం టీచరు గారు మా ఇంటికి వచ్చారు. మంచం వాల్చితే కూర్చోలేదు. గడప దగ్గర నిలబడే సంచిలోంచి ఒక కాగితం తీసి మా అమ్మకు అందించారు.

"జయమ్మా, మా ఆయనకు వచ్చింది కరోనానే. ఇది ఆ పరీక్ష కాగితం. నీ మొగుడు మోసింది ఆ పెట్టెనే."

మా అమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అమ్మకు చదువు రాదు. తర్వాత తలెత్తి, "తెలిసీ మోయనిచ్చినావా?" అని అడిగింది.

"మోయనిచ్చినా. ఆయనను దిక్కులేనోని మాదిరి పూడుస్తారని భయపడినా."

అమ్మ తిట్టలేదు, ఏడవలేదు. "అట్లయితే రా. ఆడ ఆపీసులో గూడా ఇదే మాట చెప్పు" అంది. చెప్పారు. ఒక్కసారి కాదు, ప్రతి బల్ల ముందూ నిలబడి, అడిగిన ప్రతి ఒక్కరికీ తన తప్పును తన నోటితో చెప్పారు. సంతకం పెట్టి రాసిచ్చారు. పరిశీలన కమిటీ ఆమె వాంగ్మూలాన్నీ, ఆ కాగితాన్నీ, మా స్కానింగు చీటీనీ కలిపి చూసి మా నాయన మరణాన్ని కరోనా మరణంగా గుర్తించింది. పరిహారం అమ్మ ఖాతాలో పడింది. చెల్లెలి చదువు ఆగలేదు.

ఆపీసులో చెప్పిన మాట ఊళ్లో దాగుతుందా? ఆనాడు సమాధి దగ్గర మన్ను వేసినవారిలో చాలామంది తర్వాత జ్వరంతో పడినవాళ్లే. అయినా మొదట్లో జనం పూర్తిగా ముఖం చాటేయలేదు. భర్త కోసం చేసిందిలే అని సమాధానపడినవాళ్లు ఉన్నారు. వాళ్లను కూడా దూరం చేసింది ఒక్క మాట. "ఇన్నాళ్లూ దాచి ఇప్పుడు ఎందుకు చెప్తాంది? ఆమెకూ దుడ్లు రావాల గదా" అన్న మాట. అది చర్చి గేటు దగ్గర పుట్టి, వారం తిరగకుండా ఊరంతా పాకింది. మొగుడి రోగాన్ని దాచి ఊరిని ముంచింది, బయటపెట్టి సొమ్ము చేసుకుంది అన్నారు. ఆ తర్వాత ఆరాధనలో ఆమె పక్కన చాప ఖాళీగా ఉండేది. పెళ్లి పత్రికలు ఆమె గుమ్మం దాటి వెళ్లిపోయేవి. ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లం బజారులో ఎదురుపడితే సందు మళ్లేవాళ్లం. ఆమె ఎవరినీ నిలదీయలేదు. మా అమ్మ ఒక్కతే అప్పుడప్పుడూ వెళ్లి ఆ అరుగు మీద కూర్చుని వచ్చేది. నాయనను చంపిన మనిషి ఇంటికి ఎందుకు పోతావని నేను గొడవపడేవాణ్ణి.

మంగళవారం ఆమెకు స్నానం చేయించి, చీర కట్టింది మా అమ్మ ఒక్కతే. పాములపాడు నుంచి వచ్చిన ఆమె తమ్ముడు, పాస్టరు గారు, నేను, దారిన పోతూ ఆగిన ఒక ట్రాక్టరు డ్రైవరు, ఈ నలుగురమే పెట్టె మోశాం. మన్ను వేయడానికి ఇంకో ముగ్గురు వచ్చారు. తిరిగి వస్తుంటే, అంత పరిహారం తీసుకుని కూడా టీచరమ్మ ఆ పాత ఇంటికి సున్నమైనా వేయించుకోలేదేమని అమ్మను అడిగాను.

అమ్మ నిలబడిపోయింది. "ఏం పరిహారంరా? ఆమె దరఖాస్తే పెట్టలేదు. నా కాగితాలు రాసినప్పుడే అడిగినా, నువ్వూ పెట్టమ్మా, నీ కాడ పరీక్ష కాగితం ఉంది, నీకు అడ్డం లేదు అని. నాకొద్దు జయమ్మా, నాది తీసుకునే చెయ్యి గాదు అనింది. ఊరోళ్లు అట్లంటాండారే, చెప్పనా అంటే వద్దనింది. చెప్తే మళ్లా నన్ను మంచిదాన్ని చేస్తారు, అనింది."

ఎండలో అలాగే నిలబడ్డాను. అమ్మ కొంతదూరం నడిచి, వెనక్కి తిరిగి, ఏందిరా అంది. ఏమీ లేదన్నాను.

మా నాయనను పోగొట్టుకున్న కోపంలో, ఆనాడు చర్చి గేటు దగ్గర ఆ మాట మొదట అన్నవాణ్ణి నేనే. నలుగురు స్నేహితుల మధ్య అన్నాను. నిజమో కాదో కనుక్కోలేదు. పరిహారం ఎవరెవరికి వచ్చిందో మా ఊరి సచివాలయంలో అడిగితే ఒక పూటలో తెలిసేది. అడగలేదు, ఎందుకంటే నాకు ఆ మాట కావలసి వచ్చింది. మనిషిని ద్వేషించడానికి ఒక తప్పు చాలదనిపించి రెండోది కల్పించాను. ఆమె చేసిన తప్పుకు ఆమె మా గడప దగ్గర నిలబడి సమాధానం చెప్పారు. నేను చేసినదానికి నాలుగేళ్లు ఆమె ఒంటరిగా శిక్ష అనుభవించారు.

సంఘ పత్రిక చదివే పెద్దలారా, ఆమె శిష్యులారా, కరుణమ్మ టీచరు గారు భర్త మరణానికి పైసా తీసుకోలేదు. ఆ నిందకు కర్త నేను. ఆమె స్థానం మన ఊళ్లో మరొకరితో నిండేది కాదు. ఆమె ఉండగానే మనం ఖాళీ చేసిన స్థానం అది. ఆ మహనీయురాలి పాదాలకు నా నమస్సులు ఇప్పుడు అందవని తెలిసే రాస్తున్నాను.

పత్రిక వచ్చిన ప్రతిసారీ మా అమ్మ నా చేత మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివించుకుని వింటుంది. ఈసారి కూడా చాప వేసుకుని కూర్చుంటుంది. ఈ పేజీ కూడా నేనే చదవాలి.