కాకి వాలనంతసేపు

ఇప్పటికీ వేడి అన్నంలో నల్ల నువ్వులు కలిపిన వాసన తగిలితే నా చెయ్యి రాయి కోసం వెతుకుతుంది.

రంగూన్‌లో చిమిండైంగ్ బజారు వెనక మా చెక్క ఇల్లు. వానాకాలమంతా నది బురద, ఎండుచేపలు, మామ్మ కాల్చే మినపరొట్టె, అన్ని వాసనలూ కలిసిపోయి ఉండేవి. దేశం తలుపులు మూసుకుని కూర్చున్న కాలం. రేడియో కూడా గొంతు తగ్గించి వినాలి. మామ్మ వయసులో ఉండగా ఐర్లాండు సన్యాసినుల మఠంలో బట్టలుతికేది. వాళ్లను ప్రభుత్వం పంపేశాక ఆమెకు మిగిలింది ఒక ముసలి మదర్ చెప్పిన వాళ్ల దేశపు వీరుడి కథ. రొట్టె తిరగేస్తూ అదే చెప్పేది: పసివాడుగా ఉన్నప్పుడే మీదికొచ్చిన కమ్మరి వేటకుక్కను రాతికేసి బాది చంపి, దాని బదులు తానే కాపలా కాశాడని, ఏటి రేవులో ఒంటరిగా నిలిచి నీళ్లు ఎర్రబడేదాకా నరికాడని, శత్రువుల తరఫున వచ్చిన, కలిసి పెరిగిన స్నేహితుణ్ని అక్కడే పొడిచి, శవాన్ని ఎత్తుకుని ఏడ్చాడని, చివరికి పొట్ట చీలి పేగులు జారుతుంటే, పడి చావకూడదని నిలువురాతికి నడుంపట్టీతో తనను తాను కట్టేసుకున్నాడని. భుజం మీద కాకి వాలి, చచ్చాడని తేలేదాకా శత్రువులు దగ్గరికి రాలేదట.

"ఏటి మామ్మా, పేగులు జారిపోతంటే పట్టీ కట్టుకున్నాడా?" అని నవ్వేవాడు అన్నయ్య. బజారులో చేపల బుట్టలు మోసేవాడు. బర్మా స్నేహితులకు కో చలం, అంటే చలం అన్న.

"నీలాగ లుంగీ జారిపోయే మొగోడు కాదురా ఆడు."

ఒక ఏడు జనం సైనిక ప్రభుత్వం మీద తిరగబడ్డారు. మా వీధి చివర లారీలు ఆగి తుపాకులు పేలినప్పుడు నేను కిటికీలో ఉన్నాను. చెప్పులు వదిలేసి అందరూ పరిగెత్తారు. అన్నయ్య కరెంటు స్తంభాన్ని వాటేసుకుని నిలబడిపోయాడు. పొట్ట దగ్గర లుంగీ తడిసి నల్లబడింది. సిపాయిలు గురిపెట్టారేగాని దగ్గరికి రాలేదు. పై తీగ మీద కాకి. "హుష్!" అని గొంతు చిరిగేలా అరిచాను. అది ఎగిరిపోయింది. అప్పుడు వాళ్లు వచ్చి, అన్నయ్య చేతులు స్తంభం నుంచి ఊడదీసి, లారీలోకి విసిరారు. శవాన్ని ఇవ్వలేదు.

కాకి వాలలేదు. అంటే అన్నయ్య బతికే ఉన్నాడు.

పదోరోజు నాన్న నది ఒడ్డున నువ్వులన్నంతో పిండం పెట్టాడు. కాకి ముడితేనే పోయినవాడికి తృప్తి అని మావాళ్ల నమ్మకం. కాకులు దిగబోయినప్పుడల్లా నేను రాళ్లు విసిరాను.

"పిచ్చెక్కిందేటే నీకు?" నాన్న చెయ్యెత్తాడు.

"అది ముట్టుకుంటే అన్నయ్య సచ్చిపోతాడు!"

మామ్మ మధ్యకొచ్చి నా గుప్పిట విప్పింది. "అంతసేపు నిలబడ్డాడమ్మా. కాళ్లు పీకేస్తుంటాయి. ఇంక కూకోనీ ఆడ్ని."

రాయి జారిపోయింది. కాకి వచ్చింది.

ఇప్పుడు మామ్మ లేదు, చెక్క ఇల్లు లేదు, ఆ స్తంభం తీసేసి వేరేది పాతారు. తీగల మీద కాకులు మాత్రం ఉన్నాయి. పొద్దున్నే వాటికి ముద్ద పెడతాను. అవి తినేదాకా నేను కూర్చోను.