మూడు నెలలు నడిచిన రాయి

ముందే ఒప్పుకుంటాను. ఒక రాయి నన్ను మూడు నెలలు తిప్పింది. నేనేమో రాయిని వదిలేసి నా లెక్కలను తిట్టుకున్నాను.

కరోనా సద్దుమణిగిన ఏడాది. సికింద్రాబాద్‌లో రైల్వే సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. కొత్త లైను ఎటు పోవాలో కాగితం మీద గీయడం నా పని. దాన్ని అలైన్‌మెంట్ అంటాం. ఆ గీత ప్రకారం నేల మీద పసుపు రాళ్లు పాతుతారు. పెద్దసారు సంతకం పెడితే రాళ్ల వెంబడి భూమి రైల్వేది అవుతుంది. నా చేతిరాత ఎవరికీ అర్థం కాదు గానీ, చేతిగీతకు మాత్రం పేరుండేది.

ఒక వంపు దగ్గర ఆ గీత లక్ష్మమ్మ అనే రైతు బావి మీదుగా పోయింది. ఆ నీళ్లతో పండిన పాలకూర బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళితేనే ఆమె ఇల్లు గడిచేది. తనిఖీకి వెళ్తే రాయి బావి దగ్గర లేదు. పక్కనే ఆమె మరిది యాదయ్య మడిలో ఉంది. కాగితానికీ నేలకూ తేడా వస్తే నేలనే నమ్మాలని మా సీనియర్లు నేర్పారు. నమ్మి గీత మార్చాను. మరుసటి నెల రాయి బావి గట్టున ఉంది. మళ్లీ మార్చాను. మూడో నెల మళ్లీ మడిలో.

మూడు డ్రాయింగులూ పక్కపక్కన పరిచి పెద్దసారు అడిగారు. "ఏమయ్యా, మీ రైలు కల్లు తాగి నడుస్తుందా?"

నాలుగోసారి వెళ్లి గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాను. లక్ష్మమ్మ చాయ్ తెచ్చిచ్చింది.

"గంత పరేషాన్ ఎందుకు సార్? ఆ రాయి నేనే జరిపిన."

"మరి వెనక్కి ఎట్లా వచ్చిందమ్మా?"

"మా మరిది జరిపిండు. మల్ల నేను జరిపిన. ఆయన సుత ఊకుంటడా?"

"తప్పు కదమ్మా అట్లా చేయడం?"

"మీరు ఆఫీసుల కూసొని గీత జరుపుతరు. మేము రాయి జరిపినం. మాకు పెన్సిల్ లేదాయె."

చాయ్ తాగేసి లేచాను. బెంచ్‌మార్క్, అంటే ఎవరూ కదపలేని సర్వే గుర్తు, అక్కడినుంచి మొదటిసారి కొలిచాను. రాయి అసలు చోటు బావే. కానీ వంపును కాస్త సడలిస్తే లైను ఇద్దరి పొలాలనూ తప్పించుకుని వెనకున్న సర్కారు బీడులోంచి పోతుంది. మొదటి రోజే చూడాల్సిన సంగతి. పెద్దసారు ఒప్పుకున్నారు. నేలను నమ్మే ముందు దాని మీద బతికేవాళ్లను పలకరించాలని అప్పుడు తెలిసింది.

కొత్త రాయిని బీడులో కాంక్రీటు పోసి పాతించాను. దానికి నీళ్లు లక్ష్మమ్మ చేతే ఆ బావిలోంచి తోడించాను. కాంక్రీటు యాదయ్య చేత కలిపించాను. వదినామరుదులు చెమటలు కక్కుతుంటే, నేను గట్టు మీద కూర్చుని ఇంకో చాయ్ అడిగాను.