భాయ్ పంపిన ఆఖరి కుటుంబం

మొన్న మధ్యాహ్నం మా భాయ్ పోయారు. బహ్రెయిన్ మనామాలో నా సూట్‌కేసుల కొట్లో ఓ మూల బల్ల వేసుకుని, ముస్లిం కుటుంబాలకి యూరప్ సెలవుల ప్రయాణాలు కుదిర్చిపెట్టే పెద్దాయన. మీలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు, పేరు అడిగి ఉండరు. అందరికీ భాయే. కడప మనిషి. నేను లోపల కొత్త సరుకు విప్పుకుంటుంటే ఫోను కింద పడిన చప్పుడైంది. వచ్చి చూస్తే కుర్చీలో పక్కకి ఒరిగిపోయి ఉన్నారు. అంబులెన్సులో నేనూ ఎక్కాను. ఆసుపత్రిలో డాక్టరు నా భుజం మీద చెయ్యి వేశాడు. అంతే.

కడపలో ఉన్న ఆయన భార్యకి ఫోన్ చేసి చెప్పింది కూడా నేనే. ఆమె, "అన్నం తిన్యాడా అన్నా?" అని అడిగింది.

తినలేదు. తన చేత్తో పంపిన కుటుంబం అక్కడ దిగి, "మేం తిన్నాం భాయ్" అని ఫోన్ చేసేదాకా ఆయన కారియరు విప్పేవారు కాదు. ఆ రోజు ఆ ఫోను రాలేదు. ఈ మాట ఆవిడకి ఎలా చెప్పను? లైను సరిగా లేదమ్మా అని పెట్టేశాను.

ఆయన పని మీకు చెప్పాలి. వీసాలూ టికెట్లూ ఎవరైనా చేస్తారు. ఐదు పూటల నమాజు ఉన్న ఇల్లు, ముసలాళ్లూ పసిపిల్లలూ కలిసి ఆ చలి దేశాలకి వెళ్తే ఎక్కడ తడబడతారో ముందే ఆలోచించడం ఆయన పని. గదుల్లో ఫ్రిజ్‌లోంచి మందు సీసాలు ముందే తీయించేవారు. ఆడవాళ్లు ఈదడానికి హోటలు కొలను ఏ పూట విడిగా వదులుతారో కనుక్కునేవారు. ఆ ఇంగ్లీషు వింటుంటే నాకు నవ్వాగేది కాదు. "నో బాటిల్ మేడమ్, ఓన్లీ వాటర్. గ్రాండ్‌మదర్ కమింగ్. గ్రాండ్‌మదర్ వెరీ స్ట్రిక్ట్."

నా కొట్లో ముక్కున్న ప్లాస్టిక్ సీసాలు పెట్టించింది కూడా ఆయనే. "బాత్‌రూముల్లో నీళ్ల పైపు లేని దేశాలప్పా అవి. నువ్వెంత మంచి సూట్‌కేసైనా అమ్ముకో, ఈ సీసా లేకుంటే మొదటి పూటే నిన్ను తిట్టుకుంటారు." నిజమే, ఇప్పుడు సూట్‌కేసుల కంటే అవే ఎక్కువ పోతున్నాయి.

"హలాలేనా అని హోటల్లో అడగొద్దప్పా" అనేవారు. "అందరూ ఔననే అంటారు. ఏ నూనె, ఏ పెనం, కోసిందెవరు అని అడుగు. తడుముకుంటే తెలిసిపోతుంది." ఇంకోటి కూడా అనేవారు: "తెలీకపోతే తెలీదని చెప్పు. ఆ మాటతో ఎవరి కడుపూ చెడదు."

ఆయన మాత్రం యూరప్ చూడలేదు. "మీరెప్పుడు వెళ్తారు భాయ్?" అని ఏడిపిస్తే, "నేను పోతే ఇక్కడ ఫోనెవరు ఎత్తుతారప్పా, నువ్వా?" అనేవారు.

ఆఖరిగా పంపింది ఈ ఊళ్లోనే మహూజ్‌లో ఉండే ఓ బహ్రెయినీ కుటుంబాన్ని. ముసలావిడ, కొడుకు, కోడలు, నలుగురు పిల్లలు. ఆవిడకి షుగరు, పూటకో ఇన్సులిన్ సూది. బయల్దేరే ముందు స్వయంగా కొట్టుకొచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. వచ్చీరాని హిందీలో, "నువ్వు తినమంటేనే తింటా. హోటలువాడి మాట నాకొద్దు" అంది. "సరే ఉమ్మీ, ప్రతి పూటా నేను చెప్తా" అన్నారీయన. ఉమ్మీ అంటే అరబ్బీలో అమ్మ.

ఆస్ట్రియాలో కొండల మధ్య సరస్సు పక్క హోటలు. దగ్గర్లోనే ఒక టర్కీ ఆవిడ వండి పంపేలా ఏర్పాటు. తీరా వీళ్లు దిగేసరికి, తల్లికి బాగాలేదని ఆవిడ వాళ్ల దేశం వెళ్లిపోయింది. హోటలువాళ్లు మా దగ్గర హలాల్ కోడి ఉందన్నారు. ఎక్కణ్ణించి తెచ్చారో కనుక్కుందామని మర్నాడు పొద్దుటి నుంచీ భాయ్ ఫోన్లు చేస్తూనే ఉన్నారు. జవాబు రాకముందే పోయారు.

ఆసుపత్రి వరండాలో ఉండగా నా జేబులో ఆయన ఫోను మోగింది. ఆ కొడుకే. నన్ను సదీక్ అంటాడు, నేస్తమని.

"భాయ్ ఎక్కడ సదీక్? నిన్నటి నుంచి అమ్మ పాలూ పళ్లూ తప్ప ముట్టలేదు. సూది మాత్రం వేసుకుంది. షుగరు పడిపోయి చేతులు వణుకుతున్నాయి. భాయ్‌తో ఒక్క మాట చెప్పించు, తింటుంది. ఒక్క మాట."

భాయ్ సరేనన్నారు, ఆ కోడి తినమనండి అని ఒక్క అబద్ధం. నోటిదాకా వచ్చింది. ఆ గోడకవతలే ఆయన్ని పడుకోబెట్టారు. ఆయన పేరు మీద ఆ మాట నేనెలా అనను?

"భాయ్ లేరు" అన్నాను. "ఇందాకే పోయారు."

అతను, చావు కబురుకి వాళ్లనే మాట, "ఇన్నా లిల్లాహి" అన్నాడు. ఫోను చేతులు మారింది. ముసలావిడ గొంతు. "ఇప్పుడు నేనెవర్ని అడగాలి?"

గోడకి చేరబడ్డాను. నేను వాళ్ల మతం మనిషిని కాను. నా మాట ఆవిడకెలా చెల్లుతుంది?

"ఉమ్మీ, ఆ కోడి సంగతి నాకు తెలీదు" అన్నాను. "చేపల సంగతి తెలుసు. మాది నర్సాపురం."

వాళ్లు షియాలు, వాళ్ల నియమంలో పొలుసున్న చేపే తినాలి, ప్రాణంతో ఉండగా నీళ్లలోంచి తీసిందై ఉండాలి. భాయ్ నోట వినీ వినీ నాకూ వచ్చేసింది. వీడియో పెట్టి, ఫోను పట్టుకుని హోటలు వంటింట్లోకి వెళ్లమని కొడుక్కి చెప్పాను. వంటవాడు వెనక తొట్టెలో ఈదుతున్న చేపల్ని చూపించి, ఒకదాన్ని పట్టి బల్ల మీద పెట్టాడు.

"ఇది నా అరచెయ్యిలా నున్నగా ఉంది. పొలుసేదీ?" వెనకనించి ఆవిడే. మనవరాలి భుజం పట్టుకుని తనే వంటింట్లోకి వచ్చేసింది.

"సన్న పొలుసు ఉమ్మీ. కత్తి వీపుతో తోక నుంచి తల వైపు గీకమనండి."

గీకాడు. కత్తి మీద ఆవగింజంత పొలుసులు మెరిశాయి.

"నువ్వు చూశావు సరే, నేను చూడొద్దూ?" అని ఆవిడ తన గోటితో గీకింది. వేలు కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసుకుంది. వెనకే వచ్చిన కోడలి వైపు తిరిగి, "ఉంది" అంది.

హోటలు పెనం వద్దన్నాను. ఉప్పు, నిమ్మకాయ పట్టించి, అల్యూమినియం కాగితంలో చుట్టి ఓవెన్లో పెట్టమన్నాను.

అది ఉడికేంతసేపూ ఆ వరండాలోనే నిలబడ్డాను. వచ్చే వారం అరాద్ పేటలో ఉండే కుటుంబం బయల్దేరాలి, బాలింత ఉంది. ఆ వెనక ఇంకో రెండు ఇళ్లవాళ్లు. అందరూ ఆయన మాట మీద పిల్లల్ని తీసుకుని బయల్దేరుతున్నవాళ్లే. చేప ఒక్కటి చెప్పి ఎన్నాళ్లు నెట్టుకురాను? ప్రయాణాలు మానుకోమని చెప్దామంటే పిల్లల మొహాలు గుర్తొస్తాయి. వెళ్లమంటే ఆ ముసలావిడ ప్రశ్నే నాకూ ఎదురవుతోంది. ఎవర్ని అడగాలి? నిన్న ఇక్కడే మనామాలో ఆయనకి మట్టి ఇచ్చాం. ఇప్పటికీ నాకు దారి తోచలేదు. ఈ పని తెలిసిన నమ్మకమైన మనిషి మీ ఎరుకలో ఎవరైనా ఉంటే కొట్టుకి పంపండి, బతిమాలుతున్నాను.

ఆ రోజు చేప ఉడికాక మళ్లీ వీడియో కాల్ వచ్చింది. ఫోను దేనికో ఆనించి బల్ల మీద పెట్టినట్టున్నారు. ఎవరి మొహమూ కనపడట్లేదు. పళ్లెం, అందులో చేప, ముసలావిడ చెయ్యి. గోరింటాకు వెలిసిన వేళ్లు ఒక ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టాయి. ఇంకో ముల్లు. ఆ చెయ్యి చిన్న ముక్క తుంచి ఎత్తింది, ఆగింది, మళ్లీ పళ్లెంలోకి దించింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత మెల్లిగా లేచి తెర దాటి పైకి వెళ్లింది, ఖాళీగా తిరిగొచ్చింది.